తరంగంబాడి మొదలు నంద్యాల దాక

తెలుగుదేశమున ఒకనాడు క్రైస్తవుని ‘మీరే మిషనువారు?’ అని అడుగుట ‘మీదే ఊరు?’ అని అడుగుటకు మారుమాటగా ఉండెడిది. బందరు, ఏలూరు, బెజవాడ ప్రాంతములవారు చర్చి మిషనునకు చెందిన ఆంగ్లికనులు, గుంటూరువారు లూథరనులు, ఒంగోలు, నెల్లూరువారు బాప్టిస్టులు, కడప, గుత్తి సీమలవారు లండను మిషను, మెదకువారు వెస్లియనులు, నంద్యాలవారు ఎస్.పి.జి. అను మరియొక ఆంగ్లికను సంస్థవారు. ఒకరి సీమలో మరొకరు కాలు పెట్టకుండ మిషనులు తమలో తాము చేసికొన్న ఏర్పాటిది. పల్లెలోని పేదవాడు ప్రభువును నమ్మెనే గాని, ఐరోపాఖండమున ఎవరు ఎవరితో ఏ శతాబ్దమున ఏల తగవుపడి విడిపోయిరో ఎరుగడు. ఐనను ఆ తగవు పేరు ఇంటిపేరువలె వానికి అంటుకొనెను. బిషప్పు చేతుల మీదుగా కన్ఫర్మేషను పొందనివారు ఆంగ్లికను దేవాలయమున ప్రభురాత్రి భోజనమునకు చేరరాదని నియమము. ఒకే బైబిలు, ఒకే భాష, ఒక్కొక్కప్పుడు ఒకే బంధువర్గము, బల్ల మాత్రము వేరు.

ఈ వేర్పాటు తమది కాదని దేశీయులు బహిరంగముగా పలికినది 1919 మే మాసమున, తరంగంబాడిలో. 1706లో మిషనరీ సీగెన్‌బాల్గు అడుగిడిన ఆ సముద్రతీరపు ఊరిలో, ఆంగ్లికనులును దక్షిణ ఇండియా ఐక్య సంఘమువారును కలిసి 33 మంది సమావేశమైరి. వారిలో ఇద్దరు తప్ప అందరును ఈ దేశపువారే. తాము కలిగింపని విభేదములు బయటినుండి తమపై మోపబడినవనియు, అవి తమను బలహీనపరచుచున్నవనియు వారు ప్రకటించిరి. ఆ ప్రకటనలో నన్ను ఆకర్షించునది ఫిర్యాదు కాదు. పరుల తప్పు ఎత్తిచూపి ఊరకుండక, దానిని సరిచేయు భారమును తామే తలకెత్తుకొనుట.

ఆ సభకు ప్రాణమువంటివాడు దోర్నకల్ బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి సీమలోని వెళ్లాలన్‌విలై గ్రామమున 1874లో ఒక పల్లె గురువుకు జన్మించిన ఈ తమిళుడు, నిజాం రాజ్యమున మిషనరీగా వచ్చి తెలుగు నేర్చి, 1912లో కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికను సంఘమున బిషప్పైన మొదటి భారతీయుడయ్యెను. 1910లో ఎడింబరో మహాసభలో, తెల్ల మిషనరీల త్యాగమును నిండుమనసుతో పొగడి, దానితో తృప్తిపడక, సమానస్కంధముగ నిలుచు స్నేహము కావలెనని వారి యెదుటనే కోరినవాడాయన. అంతటి మాట అనగలిగిన వ్యక్తి తన అధ్యక్షఖండమున ఎడ్లబండిమీద పల్లెపల్లెకు తిరిగి, మాలపల్లె, మాదిగపల్లె వాకిళ్లలో కూర్చుండి, బాప్తిస్మము పొందినవారిచేత తలపై చేయి పెట్టించి తామును సువార్త చెప్పుదుమని పలికించెడివాడు. క్రైస్తవ దేశములలో విభేదము బలహీనత మాత్రమేయైనను, ఇక్కడ అది పాపమని ఆయన వాదము. పొరుగువాడు చూచి నవ్వుచున్నాడని ఆయనకు తెలియును.

1920లో ఉభయపక్షముల సంయుక్త సమితి ఐక్యతపై చర్చ ప్రారంభించెను. చిక్కంతయు బిషప్పు దగ్గరనే. బిషప్పు లేక సంఘమే లేదని ఆంగ్లికనుల నమ్మిక. బిషప్పుల అధికారమును ధిక్కరించి చెరసాలలకు పోయిన పూర్వుల సంతతి తామని ఐక్య సంఘములోని కాంగ్రిగేషనలిస్టుల స్మృతి. మీ గురువులకు మరల అభిషేకము చేసెదమని ఆంగ్లికనులు పట్టుబట్టినచో, ఇన్నాళ్లు వీరిచ్చిన సంస్కారము శూన్యమని చెప్పినట్లే యగును. చివరకు కుదిరిన ఒప్పందము ఇది: ముందు ఏ సంఘమున అభిషిక్తుడైనను సరే, ప్రతి గురువును ఉన్నవాడున్నట్లే స్వీకరింపవలెను, ఇకమీదట అభిషేకములు బిషప్పుల చేతులతోనే జరుగవలెను, మనస్సాక్షి ఒప్పుకొనని ఆరాధనను గాని గురువును గాని ఏ సంఘము మీదను మోపరాదు. ఒకరు తమ నిబంధనను విడిచిరి, ఒకరు తమ వెరపును విడిచిరి. ఇంగ్లండులో కొందరికిది విధ్వంసముగ తోచెను; మహాకవి టి. ఎస్. ఎలియట్ 1943లో దీనిని నిరసించుచు ఒక చిన్న పుస్తకమే వెలువరించెను.

అజరయ్య 1945 జనవరి 1న దోర్నకల్‌లో గతించెను. ఆ నెలలోనే ఆంగ్లికను మహాసభ ఐక్యతకు అంగీకారము తెలిపెను. తాను పాతికేండ్లకు పైగా మోసిన బరువును దింపుకొను దినమును ఆయన చూడలేదు. స్వాతంత్ర్యము వచ్చిన 43 రోజులకు, 1947 సెప్టెంబరు 27న, మద్రాసు సెంట్ జార్జి కథీడ్రలులో తిరువాన్కూరు బిషప్పు సి. కె. జేకబు అధ్యక్షతన దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. ఆనాడు క్రొత్తగా అభిషిక్తులైన తొమ్మండుగురిలో బిషప్పులే లేని సంఘములనుండి వచ్చినవారుండిరి: మెదకునకు వెస్లియను ఫ్రాంక్ విట్టేకరు, కడపకు హోస్పేట సుమిత్ర.

మహాసభలు తీర్పగలిగినవి గురుత్వపు చిక్కులే. మాలపల్లెకును మాదిగపల్లెకును నడుమనున్న దారి అంతకంటె పొడవైనది. ఒక పాత్రలోనిదే ఇద్దరును త్రాగి, బయటికి వచ్చి వేరు బావులకు పోయిన ఆదివారములు తెలుగు సంఘచరిత్రలో ఉన్నవి. దీనిని దాచి ఐక్యతను కీర్తించుట నాకు న్యాయముగ తోచదు.

ఐనను 1950లో దక్షిణ ఇండియా సంఘము రచించుకొన్న సంస్కార ఆరాధనలో ఒక చేష్ట కలదు. సిరియను సంఘమునుండి గ్రహించిన ఆ ‘సమాధానము’ను, అనగా శాంతి పలకరింపును, గురువు బల్లయొద్ద ప్రారంభించును, అది వరుసవరుసకు చేతులనుండి చేతులకు నడచివచ్చును. నేనెరిగిన పల్లె దేవాలయమున చెప్పులు వాకిట విడిచి, పురుషులొక వైపు, స్త్రీలొక వైపు చాపలపై కూర్చుండెడివారు. వరుస చివరి ముసలివాడు తన కుడి అరచేతిని పొరుగువాని కుడి అరచేతికి ఆనించును. ఒక్కొక్కరు ఎడమచేతితో ఎదుటివాని కుడిచేతిని కప్పుదురు. నాగలి పట్టిన చేయి, బడిపంతులు సుద్దముక్క పట్టిన చేయి, ఏది పైది, ఏది క్రిందిది అను లెక్క ఆ క్షణమున కుదరదు. ఈ చేష్ట తరువాత ప్రపంచమున ఎన్నో సంఘములకు మాదిరి యయ్యెను.

నంద్యాల ప్రాంతపు ఆంగ్లికను సంఘములలో పెక్కు 1947లో దక్షిణ ఇండియా సంఘమున చేరలేదు. తరతరముల ఆరాధనాక్రమము చేజారునని వారి భయము. వారిని మొండివారనుట తప్పు. ఎవరి మనస్సాక్షిపైనను బలాత్కారము లేదన్న వాగ్దానము చేరినవారికి వ్రాసినదే యైనను, దాని తీరు బయట నిలిచినవారి విషయమునను పనిచేయవలసియుండెను. మరి 28 ఏండ్లు గడచి, 1975లో నంద్యాల తనంతట తాను వచ్చి చేరెను.