చేనేతయందలి యుత్సాహము: దాని క్షయము, పునరుదయము

వృత్తి నశించుటకు ముందు వృత్తియందలి యుత్సాహము నశించును. మగ్గము చెడినచో వడ్రంగి బాగుచేయును. నూలు కొఱవడినచో వర్తకుడు తెచ్చి యిచ్చును. మగ్గముపై గూర్చుండువాని మనస్సు విఱిగినచో దాని నతుకు పనిముట్టు బజారున దొరకదు. నేడు మన సంఘమున బెద్దలు పలువురు “మా పిల్లలకు నేతపై మనసు లేదు, వారు సోమరులైరి” అని చింతించుట వినుచున్నాము. ఈ నింద న్యాయమైనదా? ఉత్సాహము పోవుట కేవలము పనివాని దోషమా, లేక దానికి బయటి కారణములు గలవా? పోయిన యుత్సాహము మఱల వచ్చిన సందర్భములు చరిత్రయందున్నవా? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటయే యీ వ్యాసమున కుద్దేశము. మన కులపురాణములు పూజ్యములే. అయినను ఇచ్చట వానిని ప్రమాణముగా గైకొనక గ్రంథములను, శాసనములను, లెక్కలను మాత్రమే యాశ్రయించెదను.

మన దేశమున నేతపని యెంత ప్రాచీనమో చెప్పుటకు ఋగ్వేదమే చాలును. రాత్రిని, ఉషస్సును వస్త్రము నేయు నిద్దఱు స్త్రీలతో ఋషి పోల్చినాడు. తెగని సూదితో గుట్టుపని చేయుమని రాకాదేవిని వేడుకొనిన మంత్రమును అందే కలదు. వాత్స్యాయనుడు చతుష్షష్టి కళలను లెక్కించుచు సూచీవానకర్మములను, అనగా సూదిపనిని నేతపనిని, సంగీత చిత్రలేఖనముల పంక్తియందే చేర్చెను. పని చేయువాని చేతిని తక్కువగా జూచు నలవాటు తరువాత వచ్చినదే గాని యాదినుండి యున్నది గాదని దీనివలన దెలియుచున్నది.

ఉత్సాహమున కాధారములేవో కౌటిల్యు డెఱింగిన ట్లితరు లెఱుగరు. అర్థశాస్త్రమున సూత్రాధ్యక్షుడను నధికారి ధర్మము లొక ప్రకరణమున జెప్పబడినవి. నూలు సన్ననిదో, దొడ్డుదో, మధ్యమమో చూచి దాని ననుసరించి వేతనము నిర్ణయింపవలెను. ఎక్కువ నూలు వడికిన స్త్రీలకు దలనూనె, ఉసిరిక పిండి బహుమానముగా నీయవలెను. పండుగనాడు పని చేయించినచో నధిక సత్కారము చేయవలెను. పట్టు, దుకూలము మొదలైన మేలి వస్త్రముల నేయువారిని గంధమాల్యములతో గౌరవించి సంతోషపెట్టవలెను. ఇల్లు వెడలని స్త్రీలకు దాసీలద్వారా యింటికే పని పంపవలెను. ఆ ప్రకరణముననే కూలి గైకొని పని చేయనివారికి గ్రూరమైన శిక్షయు విధింపబడినది. దానిని నేను సమర్థింపను. అయినను రెండువేల యేండ్లకు బూర్వమే యొక రాజనీతివేత్త, పనివాని మనస్సు కూలితో మాత్రమే నిలువదని, సన్నపు పనికి సన్నపు మెప్పు కావలెనని గుర్తించుట మనము మఱవరానిది.

గ్రంథోక్తి యటుండగా, శిలాశాసనమొకటి యింతకంటె స్పష్టముగా మాటలాడుచున్నది. మధ్యభారతమున దశపురమను పట్టణము కలదు. దానినే నేడు మందసోర్ అందురు. లాటదేశమునుండి, అనగా దక్షిణ గుజరాతునుండి, పట్టుసాలెల శ్రేణి యొకటి యచ్చటికి వలసపోయెను. ఆ శ్రేణివారు తమ వృత్తిధనముతో క్రీ.శ. 436 ప్రాంతమున సూర్యదేవాలయము గట్టించిరి. అది కొంత శిథిలము గాగా 473లో మఱల బాగుచేయించిరి. వత్సభట్టి యను కవి యా వృత్తాంతమును సంస్కృత శ్లోకములలో రచించెను. వలసవచ్చినవారిలో గొందఱు ధనుర్విద్యను, కొందఱు కథాకథనమును, కొందఱు జ్యోతిషమును నభ్యసించిరనియు, కొందఱు తమ నేతపనియందే నిలిచిరనియు నందు జెప్పబడినది. వృత్తి విడిచినవారిని దూషింపలేదు. నిలిచినవారిని జూచి జాలిపడలేదు. అందఱును ఒకే శ్రేణిగా నుండి యొకే గుడి గట్టిరి. ఆ పట్టుసాలెలు మన పూర్వులని చెప్పుట నా యభిప్రాయము గాదు. అయినను మగ్గముపై నున్నవానికిని, మగ్గము విడిచి చదువుకొన్నవానికిని నడుమ మర్యాదలో భేదము లేనపుడు వృత్తి నిలుచునను పాఠము నాకందు గనబడుచున్నది.

ఇక మన తీరమునకు వత్తము. మచిలీపట్టణపు అద్దకపు వస్త్రములకొఱకు 17వ శతాబ్ది తొలి దశాబ్దమున డచ్చివారును, 1611లో నింగ్లీషువారును అచ్చట వర్తకశాలలు దెఱచిరి. కరకకాయ కషాయమున బాలు గలిపి బట్టను దడుపుట, పటికతో రంగు పట్టించుట, చిరివేరుతో నెఱుపు దెచ్చుట, నీలిమందులో ముంచుట, మాటిమాటికి నుదికి యెండవేయుట మొదలగు పనులు తరతరముల యనుభవమున సిద్ధించినవి. ఆ బట్ట యుతికిన కొలది రంగు తేలుచుండుట జూచి ఐరోపావా రాశ్చర్యపడిరి. ఆశ్చర్యము త్వరలోనే భయముగా మాఱెను. తమ నేతగాండ్రు చెడిపోవుదురని ఫ్రాన్సు 1686లో నట్టి బట్టలను నిషేధించి 1759 వఱకు నానిషేధమును నిలిపెను. ఇంగ్లండు 1700లో దిగుమతిని, 1721లో ధరించుటను సహితము నిషేధించుచు శాసనములు చేసెను. మన పనివాని నేర్పు తక్కువయై గాదు, ఎక్కువయై యా శాసనములు పుట్టినవి.

తరువాతి కథ యందఱెఱిగినదే యైనను ఉత్సాహము మొదట నెచ్చట దెబ్బతినెనో గమనింపవలెను. యంత్రములు రాకమున్నే కంపెనీవారి బయానా పద్ధతి పనివాని చేతులు గట్టివైచెను. ముందుగా సొమ్మిచ్చి, యితరుల కమ్మరాదని నిర్బంధించి, గుమాస్తాలు నిర్ణయించిన వెలకే బట్ట దీసికొనుచుండిరి. 18వ శతాబ్ది చివరి దశాబ్దములలో నుత్తర సర్కారుల నేతవారు దీనిని బలుమాఱు ప్రతిఘటించిరి. వంగదేశపు పనివాండ్ర బొటనవ్రేళ్లను దొరలు నఱికించిరను కథ లోకమున వ్యాపించియున్నది. కంపెనీలో నుద్యోగము చేసిన విలియం బోల్ట్సు 1772లో బ్రకటించిన గ్రంథమున జెప్పినది వేఱు: పట్టునూలు చుట్టువారు, ఆ నిర్బంధపు బని చేయలేక, తమ బొటనవ్రేళ్లను దామే కోసికొనిరని యతడు వ్రాసెను. నేర్పు వ్రేళ్ల కొనలయం దుండు జాతికి, ఆ వ్రేళ్లే శత్రువులైనట్లు తోచుటకంటె నుత్సాహక్షయమున కెక్కువ నిదర్శన మేమి కావలెను?

పిదప యంత్రములు వచ్చినవి. 1764 మొదలు 1785 వఱకు నింగ్లండున నూలు వడుకు యంత్రములును, మఱమగ్గమును బుట్టినవి. 1813లో కంపెనీవారి వర్తకపు గుత్త తొలగెను. అటుపిమ్మట మిల్లునూలు, మిల్లుబట్ట వెల్లువగా దిగెను. ముందుగా రాట్నము మూలబడెను. ఇంటింట వడికెడు స్త్రీల యాదాయము నిలిచిపోయెను. మగ్గము మిల్లునూలు నాశ్రయించి యెట్లో బ్రదికెను. 1868లో జర్మనీ రసాయనశాస్త్రజ్ఞులు చిరివేరు రంగునకు బ్రతిగా కృత్రిమవర్ణమును గనుగొనిరి. 1897లో కృత్రిమమైన నీలిమందు బజారు కెక్కెను. 1876–78 నాటి మహాక్షామమున దిండి కొననేరని జనులు బట్ట యెట్లు కొందురు? తండ్రి కొడుకుతో “ఈ పని నీకు వద్దురా” యని చెప్పుట యీ శతాబ్దముననే ప్రారంభమయ్యెనని నా నమ్మకము. అది సోమరితనము గాదు, వాత్సల్యము.

పోయిన యుత్సాహము మఱల నెట్లు వచ్చెను? 1905 ఆగస్టు 7వ తేదీని కలకత్తాలో స్వదేశీ యుద్యమ మారంభమయ్యెను. 1907లో బిపిన్ చంద్రపాలుగారు రాజమహేంద్రవరము మొదలగు మన పట్టణములలో నుపన్యసించిరి. 1910లో మచిలీపట్టణమున ఆంధ్ర జాతీయ కళాశాల తెఱవబడెను. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగార్లు చేతిపనులకు విద్యలో స్థానము గల్పించిరి. 1921లో బెజవాడలో సమావేశమైన కాంగ్రెసు మహాసభా సంఘము దేశమున ఇరువది లక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించెను. బట్టకు గిరాకి వచ్చుటయే గాక, నేతపనివాని యింటి గుమ్మము త్రొక్కుట గౌరవమను భావము చదువుకొన్నవారిలో బుట్టెను.

ఈ కాలపు కథలలో శ్రీకాకుళము జిల్లా పొందూరు కథ మిక్కిలి ముచ్చటైనది. అచ్చటి స్త్రీలు వాలుగ చేప దవడయెముకతో బ్రత్తిని దువ్వి శుభ్రము చేయుదురు. ఏకులను అరటిదొప్పలో భద్రపఱతురు. నూఱవ నంబరును మించిన సన్ననూలు నొంటికదురు రాట్నముపై వడుకుదురు. ఇది యే పాఠశాలయు నేర్పిన విద్య గాదు. అత్త కోడలికి, తల్లి కూతురికి జూపినది. మిల్లునూలు దేశమునంతయు ముంచినపుడును ఆ యూర నీ విద్య యాఱిపోలేదు. సన్ననూలు విలువ నెఱిగి యడుగువారు ఖాదీ యుద్యమముతో రాగానే యది లోకమున వెలుగు గాంచెను. 1949లో నచ్చట ఫైన్ ఖాదీ కార్మికుల సంఘము స్థాపితమయ్యెను.

శ్రీకాళహస్తి కలంకారి కథయు నిట్టిదే. 1950 దశాబ్దము నాటికి రామాయణ భారత కథలను గలముతో బట్టపై వ్రాయు పనివారు కొలదిమంది మాత్రమే మిగిలిరి. 1952లో నేర్పడిన అఖిలభారత హస్తకళల బోర్డునకు నాయకురాలైన కమలాదేవీ చట్టోపాధ్యాయగారి ప్రోద్బలమున 1957లో నచ్చట శిక్షణాలయము తెఱవబడెను. అచ్చటి కలంకారి చిత్రకారులు జొన్నలగడ్డ గుఱ్ఱప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ పురస్కారము లభించెను. ఎఱిగి యడుగువా రొక్కరు వచ్చినచో నొక విద్య యెట్లు లేచి నిలుచునో చూడుడు.

అడుగువా రున్నను శరీరము సహింపనిచో నుత్సాహము నిలువదు. పోచంపల్లి ప్రాంతమున చిటికి చీరకు ముందుగా ఆసు పోయవలెను. ఒక్క చీరకు జేయిని వేలకొలది మాఱులు ముందునకు వెనుకకు నాడింపవలసియుండును. దానికి నాలుగైదు గంటలు పట్టును. ఈ పని మన స్త్రీలది. వారి భుజములు, మోచేతులు పడు బాధ నెవ్వరును లెక్కింపలేదు. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశముగారు తల్లి లక్ష్మమ్మగారి బాధ జూడలేక, ఆఱవ తరగతితో జదువు నిలిచినవారయ్యు, యేండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రమును సిద్ధపఱచిరి. దానికి తల్లి పేరిట లక్ష్మీ ఆసుయంత్ర మని పేరిడిరి. గంటన్నరలో నొక చీర యాసు ముగియుచున్నది. 2017లో వారికి పద్మశ్రీ వచ్చినది. ఈ యంత్రము నేతపనిని జంపలేదు. నేతపనివాని యింటి స్త్రీకి విశ్రాంతి నిచ్చి నేతపనిని బ్రదికించినది.

ఇప్పటి స్థితి యెట్లున్నది? దేశమున జేనేత కార్మికుల సంఖ్య 1995–96 గణనలో 65 లక్షలకు బైగా నుండెను. 2009–10లో 43.31 లక్షలు. 2019–20లో 35.22 లక్షలు, వారిలో నూటికి 72 వంతులు స్త్రీలు. 2015 మొదలు ఆగస్టు 7వ తేదీని జాతీయ చేనేత దినముగా జరుపుచున్నారు. ఉత్సవము మంచిదే, ఒకనాటి యుత్సవము మూడువందల యఱువదినాల్గు దినముల యుత్సాహమునకు బదులు గానేరదు. నేను ఉపాధ్యాయుడనై యున్న కాలమున, తండ్రి వృత్తి యేమని ప్రశ్నించినపుడు నేతవారి బాలురు పలువురు “వ్యాపార” మని వ్రాయించుచుండిరి. ఆ బాలురకు నేత వచ్చును. వేసవి సెలవులలో గండెలు చుట్టి యిచ్చినవారే. వారికి లేనిది నేర్పు గాదు, ఆ పేరు చెప్పుకొను ధైర్యము. ఆ ధైర్యమును వారికీయవలసినది మనమే.

కావున సంఘ పెద్దలకును, పోషకులకును నా విజ్ఞప్తి యిది. కౌటిల్యుడు చెప్పినట్లు సన్నపు పనికి సన్నపు వెల యిచ్చువారు మొదట మన సంఘముననే యుండవలెను. మన యిండ్ల వివాహములలో మన మగ్గపు బట్ట బేరమాడక కొనబడుగాక. ఈ వార్షిక సభలలో దాతలకు శాలువ గప్పుచున్నాము. ఆ శాలువ నేసినవానిని వేదికపైకి బిలుచుట యింకను మన యాచారము గాలేదు. ఇకమీద బ్రతి సంవత్సరము ఉత్తమ వస్త్రమును నేసినవానిని, దానికి ఆసు పోసిన స్త్రీని గూడ, బేరు పెట్టి పిలిచి గౌరవింతుము గాక. వేంకటగిరి చేనేత సాంకేతిక విద్యాసంస్థ వంటి చోట్ల జదువగోరు బాలబాలికలకు విద్యార్థివేతనము లిచ్చుటకు నిధి యేర్పఱచవలెను. దేహశ్రమను దగ్గించు పనిముట్లను శంకతో గాక ప్రీతితో జూడవలెను. వేఱు వృత్తులలో బ్రవేశించిన మనవారు, దశపురపు శ్రేణివారివలె, మగ్గముపై నున్న సోదరునితో నొకే పంక్తిని గూర్చుండవలెను.

బలవంతముచేత బిల్లవానిని మగ్గముపై గూర్చుండబెట్టుట నే గోరను. బయానా కాలపు నిర్బంధమును మన చేతులతో మనమే తెచ్చుకొనరాదు. ఇష్టపడి కూర్చుండ గోరువానికి ఆ కోరిక సిగ్గుచేటుగా దోచకుండ జేయుటయే మన విధి. వెల, మర్యాద, దేహసౌఖ్యము నున్నచోట మనస్సు దానంతట వచ్చి మగ్గముపై గూర్చుండును.

ఇతి శమ్.