రెండో వేషం

2000 సంవత్సరం ప్రాంతంలో లండన్‌లో సో సాలిడ్ క్రూ అనే ర్యాప్ బృందం పేరు మోగిపోయింది. అందులో అషర్ డి పేరుతో పాడిన యాష్లీ వాల్టర్స్ 2002లో తుపాకి దగ్గర పెట్టుకున్న కేసులో జైలుకు వెళ్లాడు. 2004లో ‘బుల్లెట్ బాయ్’ సినిమాలో అతను వేసింది జైలు నుంచి విడుదలైన కుర్రాడి వేషమే. 2011లో మొదలైన ‘టాప్ బాయ్’ సీరియల్‌లో మత్తుమందుల ముఠా నాయకుడయ్యాడు. 2025లో వచ్చిన ‘అడొలసెన్స్’లో అదే మనిషి పోలీసు అధికారి. ఈ ప్రయాణాన్ని ‘ర్యాపర్ నటుడయ్యాడు’ అనే ఒక్క ముక్కలో చెప్పేస్తుంటారు. అది సగమే నిజం. వాల్టర్స్ చిన్నప్పుడే నాటకబడిలో చదివాడు, బీబీసీ పిల్లల సీరియల్‌లో నటించాడు, ర్యాప్ ఆ తర్వాత వచ్చింది. పాడేవాడు నటించడంలో పెద్ద వింతేమీ లేదు. తన బతుకును పోలిన మొదటి వేషం తర్వాత, తనకు ఏ పోలికా లేని ఇంకో వేషం అతనికి దొరకడమే గమనించాల్సిన సంగతి. ఓరుగల్లు చుట్టుపక్కల కథలు చెప్పి బతికినవాళ్లకు సినిమా ఏం చేసిందో తేల్చాలంటే ఈ కొలబద్దే సరైనదని నా అభిప్రాయం.

2023 మార్చిలో ‘బలగం’ విడుదలైంది. కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు. పిట్ట ముద్ద ముట్టదు. పంతాలకు పోయిన పిల్లలు కలవరు. చివర్లో ఇద్దరు బుడగ జంగాలు వచ్చి పోయినవాడి బతుకంతా పాటగా చెప్తే కొడుకులు, కూతురు, అల్లుడు అందరూ కరిగిపోతారు. ఆ ఇద్దరూ వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. (కిన్నెర వాయించే పద్మశ్రీ మొగులయ్య వేరే మనిషి. ఇద్దరినీ ఒకరనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.) ఊళ్లలో తెరలు కట్టి చూసిన ఆ సినిమాకు ప్రాణం ఆ కొద్ది నిమిషాలే. వాటిని జాగ్రత్తగా చూడండి. మొగిలయ్య మొదట కథ చెప్పేవాడి గొంతుతో ఎత్తుకుంటాడు. కాసేపటికి ఆ గొంతులోనే చచ్చిపోయినవాడు మాట్లాడుతున్నట్టు ఉంటుంది, మళ్లీ అది ఇంటివాళ్లను నిలదీసే ఊరి పెద్ద గొంతవుతుంది. పక్కన కొమురమ్మ వంత అందుకుంటూ ఏడ్చేవాళ్ల తరఫున నిలబడుతుంది. దాన్ని మనం ‘పాట’ అన్నాం. ‘నటన’ అనలేదు.

అది నటనే అనడానికి ఈ నేలకు ఎనిమిది వందల ఏళ్ల దాఖలా ఉంది. కాకతీయ రాజు గణపతిదేవుడి గజసైన్యాధిపతి జాయప సేనాని 1253-54లో ‘నృత్తరత్నావళి’ రాశాడు. అందులో ఎనిమిది అధ్యాయాలుంటే నాలుగు మార్గానికి, నాలుగు దేశికి ఇచ్చాడు. రాజాస్థానంలోని మనిషి వీధి ఆటలకు శాస్త్రంలో సగం చోటు పెట్టడం చిన్న విషయం కాదు. వినుకొండ వల్లభరాయుడి పేరున ఉన్న ‘క్రీడాభిరామం’లో (శ్రీనాథుడిదేనన్న వాదం పక్కన పెడదాం) ఇద్దరు మిత్రులు ఒక రోజంతా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ పల్నాటి వీరుల కథ పాడటం చూస్తారు. ఇప్పటి జనగామ జిల్లా ఖిలాషాపూర్ కోటను స్థావరం చేసుకుని 1708లో వరంగల్‌ను కొల్లగొట్టిన సర్వాయి పాపడిని చరిత్రకారులకంటే ముందు నిలబెట్టింది కథకులే. ఆ గాథను జె.ఎ. బాయిల్ 1874లో ‘ఇండియన్ యాంటిక్వరీ’లో అచ్చువేశాడు. కల్లుగీసే కులంలో పుట్టినవాడు మొగలు అధికారులను ఎదిరించిన కథను పాడుకుంటూ తిరిగినవాళ్లు వట్టి భజనపరులు కారు. ఆ మాటకొస్తే, పేదవాడి కోపాన్ని తాళం తప్పకుండా చెప్పడమే ర్యాప్ అయితే ఈ కథకులు దానికి పరాయివాళ్లేమీ కారు.

ఒగ్గుకథ చూసినవాళ్లకు కథ చెప్పడం నటనేనన్న సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. ఐనవోలులోనో కొమురవెల్లిలోనో పట్నం వేసి, డోలు దరువు మీద మల్లన్న కథ సాగుతున్నప్పుడు ప్రధాన కథకుడు ఒక చరణంలో మల్లన్న, ఇంకో చరణంలో మేడలమ్మ. అందుకు అతను తెర వెనక్కి వెళ్లడు, రంగు పూసుకోడు. భుజం మీది కండువా నెత్తికెక్కితే ఆడమనిషి, నడుముకు బిగిస్తే యుద్ధానికి పోయే మొగవాడు. జంగాల చేతిలో తంబూర ఒకసారి గుర్రం, ఒకసారి కత్తి, ఒకసారి చంటిపిల్ల. వంతగాడు మధ్యలో ‘ఆఁ, తర్వాత?’ అని ఊరి జనం తరఫున అడుగుతాడు, వెటకారమాడతాడు, తప్పు పడతాడు. లింగాల ఘన్‌పూర్ మండలం మాణిక్యాపురానికి చెందిన ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య (1935-2017) ఈ పని జీవితమంతా చేశాడు. కేంద్ర సంగీత నాటక అకాడమీ ఆయనకు 2014 సంవత్సరపు అవార్డు ఇచ్చింది. సన్మానాలు జరిగాయి, శాలువాలు కప్పారు. ఆయనను నటుడనడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు.

సినిమా ఈ కథకులను వాడుకోలేదని అనలేం. 1954లో ‘అగ్గిరాముడు’లో షేక్ నాజర్ అల్లూరి సీతారామరాజు బుర్రకథ చెప్పాడు. 1979 నాటి ‘మా భూమి’లో గద్దర్ గొంగడి వేసుకుని బండి యాదగిరి పాట పాడాడు. 2011లో ‘జై బోలో తెలంగాణ’లోనూ తెర మీద గద్దర్ గద్దరే. 2023లో మొగిలయ్య జంగమే. డెబ్బై ఏళ్లలో మారనిది ఒకటే: కథకుడు కథకుడిగా వస్తాడు, తన వంతు పాట పాడి ఫ్రేములోంచి వెళ్లిపోతాడు. గద్దర్‌కు రాజకీయమే ముఖ్యం, వేషాలు ఆయన కోరుకోలేదనవచ్చు, ఒప్పుకుంటాను. ఒకరి విషయంలో అది కారణం కావచ్చు. అందరి విషయంలో అదే జరిగితే దాన్ని అలవాటనే అనాలి.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. ఆరుబయట వెయ్యిమందికి వినపడేలా గొంతెత్తేవాడు కెమెరా ముందు పనికిరాడని, ముక్కలు ముక్కలుగా తీసే షాట్లలో ఇమడలేడని అంటారు. మరి 1930ల్లో తెలుగు సినిమాకు నటులు ఎక్కడి నుంచి వచ్చారు? మైకు లేని పందిళ్లలో రాగం తీసి పద్యం పాడిన నాటకాలవాళ్లే వచ్చారు. చిత్తూరు నాగయ్య, కళ్యాణం రఘురామయ్య రంగస్థలం నుంచే తెర మీదికి నడిచారు. వాళ్ల గొంతు కెమెరాకు పెద్దదని ఎవరూ వెనక్కి పంపలేదు, నేర్చుకునే వ్యవధి ఇచ్చారు. పద్యనాటకానికి చదువుకున్న ఇళ్లలో మర్యాద ఉంది, జంగంకథకు ఇంటి గడప బయటే చోటు. ఎవరికి వ్యవధి దొరికిందో, ఎవరికి దొరకలేదో నిర్ణయించింది గొంతు పరిమాణం కాదు, ఈ తేడానే.

వరంగల్ మట్టెవాడలో 1932లో పుట్టిన మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్‌ను చూపించి నా వాదాన్ని కొట్టేయాలనుకునేవాళ్లు ఉండవచ్చు. గొంతే ఆస్తిగా ఆయన ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లాడు, శాసనమండలి సభ్యుడయ్యాడు, 2001లో పద్మశ్రీ అందుకున్నాడు, సినిమాల్లోనూ నటించాడు. ఆయన ప్రతిభ ముందు తల వంచాల్సిందే. కానీ ఆయన బడిలో పాఠాలు చెప్పిన చదువరి, సభావేదిక మనిషి. భిక్షాపాత్రతో గడపకొచ్చే సంచార కులంవాడికి ఆ దారి తెరిచే ఉందనడానికి ఈ ఉదాహరణ చాలదు.

సినిమా లేకపోతే దుగ్గొండి దాటి మొగిలయ్య పేరు ఎవరికి తెలిసేదని ఇంకో మాట. నిజమే. ‘బలగం’ దర్శకుడు వేణు యెల్దండి అసలు జంగాలను వెతికి తేవడం మెచ్చదగిన పని. జూనియర్ ఆర్టిస్టులకు గుడ్డలు మార్చి పంపిస్తే ఆ సీను అలా పండేది కాదు. అయితే పేరు వేరు, పని వేరు. పేరొస్తే సన్మానాలొస్తాయి, పని దొరికితే ఇల్లు గడుస్తుంది. సినిమా తర్వాత మొగిలయ్య వార్తల్లోకి వచ్చిందల్లా ఎక్కువగా ఆయన కిడ్నీల జబ్బు, కంటిచూపు, ప్రభుత్వ సాయం గురించే. 2024 డిసెంబర్ 19న ఆయన చనిపోయాడు. అదే సినిమాలోని పాటకు హనుమకొండ వాసి కాసర్ల శ్యామ్‌కు 2025లో ఉత్తమ గీత రచయితగా జాతీయ అవార్డు ప్రకటించారు.

వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞానపీఠం ఉంది. ఒగ్గు, జంగం, చిందు, శారద కథలు చెప్పేవాళ్ల ఊర్లు, పేర్లు తెలిసినవాళ్లు అక్కడున్నారు. దర్శకులకు నా మనవి ఒక్కటే. ఈసారి కథలో చావింటి పాట లేకపోయినా సరే, ఒక ముసలి పట్వారీకో, బస్సు కండక్టర్‌కో, నోరుజారే మేనమామకో నటుడు కావాల్సి వస్తే, ఆడిషన్ కబురు ఆ పీఠానికీ పంపండి.