లీజు కాగితంలో మాట పెద్దదా, చట్టంలో మాట పెద్దదా?



1/70 చట్టం గురించి మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా భూమి అమ్మకాల గురించే మాట్లాడుకుంటాం. కానీ మన చరిత్రలో అతి పెద్ద తీర్పు అమ్మకం మీద కాదు, లీజు మీద వచ్చింది. అందుకే ఈ పోస్టు.

మా నెమలి వైపు అంతా మైదానం, ఏజెన్సీ కాదు. 1/70 ఇక్కడ వర్తించదు. షాపు లీజు మీద గొడవైతే కోర్టు ముందు కాగితమే చూస్తుంది. అద్దె ఎన్నేళ్లకు పెంచాలి, ఎంత పెంచాలి అని స్పష్టంగా రాసుకున్నారా? లీజును రిజిస్టర్ చేయించారా? చేయించకపోతే అందులోని అద్దె పెంపు షరతు ఆధారంగా నిలబడదు. 1882 ఆస్తి బదిలీ చట్టం, 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం నడిచేది ఇదే. ఇద్దరూ తెలిసి, ఇష్టపడి రాసుకున్నారనేదే ఇక్కడ లెక్క.

ఏజెన్సీలో ఆ లెక్క కుదరదు. అప్పిచ్చినవాడు, చదువు రానివాడు సమానంగా కూర్చుని కాగితం రాసుకోలేరు కదా! అందుకే 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల బదిలీకి అడ్డుకట్ట వేస్తూ చట్టం చేసింది. తర్వాత 1959లో ఆంధ్రప్రదేశ్ 1వ రెగ్యులేషన్ వచ్చింది. 1963లో దాన్ని తెలంగాణ ఏజెన్సీకి కూడా వర్తింపజేశారు. 1970 సవరణతో ఏజెన్సీలో గిరిజనేతరుల భూమి కూడా గిరిజనులకో, గిరిజనుల సహకార సంఘానికో తప్ప వేరేవాళ్లకు పోకూడదన్నారు. ఇందులో ‘బదిలీ’ అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, లీజు కూడా బదిలీలే.

అయినా అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ప్రభుత్వమే గిరిజనేతర కంపెనీలకు గనుల లీజులు ఇచ్చింది. సమత అనే సంస్థ కోర్టుకు వెళ్లింది. హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టు దాకా పోయింది. అక్కడ వాదనంతా ఒక్క మాట చుట్టూ తిరిగింది. ఏ ‘వ్యక్తీ’ గిరిజనేతరులకు భూమి బదిలీ చేయకూడదని చట్టం అంటోంది. మరి ప్రభుత్వం ‘వ్యక్తి’ అవుతుందా?

1997 జులై 11న తీర్పు వచ్చింది. ముగ్గురు జడ్జీల్లో జస్టిస్ పట్నాయక్ విభేదించారు. జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్ మాత్రం ప్రభుత్వం కూడా ‘వ్యక్తే’ అన్నారు. డిక్షనరీ అర్థం దగ్గర ఆగకుండా, ఐదో షెడ్యూలు ఎవరి కోసం పుట్టిందో చూశారు. ఆ లీజులు చెల్లవన్నారు. రెన్యువల్ అంటే మళ్లీ కొత్త లీజు ఇవ్వడమే కాబట్టి అదీ కుదరదన్నారు. గనుల నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల నీళ్లు, బడులు, ఆసుపత్రులు, రోడ్ల కోసం శాశ్వత నిధిగా పెట్టాలని కూడా చెప్పారు.

మనకు అర్థం కావాల్సింది ఒకటే. ఏజెన్సీలో గిరిజనేతరుడు “అద్దె రెట్టింపు ఇస్తా, ఏటా పెంచుతా” అని రాసిచ్చినా ఆ లీజు చెల్లదు. లీజే చెల్లనప్పుడు పెంపు షరతు ఎక్కడ నిలుస్తుంది? మైదానంలో ఉన్నవాళ్లకు ఆ రక్షణ లేదు, కాగితంలో రాసుకున్న మాటే దిక్కు. కాబట్టి సెలవులకు ఇంటికెళ్లినప్పుడు అమ్మానాన్నల దగ్గరున్న కాగితాలు ఒకసారి తీసి చదవండి. వేలిముద్ర పడకముందే చదివి వినిపించాల్సింది మనమే.

జై ఆదివాసీ!