మహాసరస్సులపై ఆల్చిప్పల దండయాత్ర

రాజ్యములను జయించినవారి చరిత్రలను మనము విరివిగా చదువుచుందుము. బొటనవ్రేలి కొనకు మించని రెండు జాతుల ఆల్చిప్పలు సముద్రము దాటి, ఉత్తర అమెరికా మహాసరస్సులను వశపరచుకొనిన వృత్తాంతమును ఇచట మనవి చేసెదము.

మొదటిది జీబ్రా ఆల్చిప్ప. పెంకుపై చారలుండుటచే దాని కా పేరు వచ్చినది. దాని పుట్టినిల్లు నల్లసముద్ర, కాస్పియన్ సముద్ర ప్రాంతము. పల్లాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1771లో దానిని వర్ణించెను. పిదప ఐరోపా నదులను కలుపుచు త్రవ్విన కాలువలే దానికి రాజమార్గములైనవి. 1824 నాటికి లండను రేవున కనుపించెను. 1988లో మహాసరస్సుల నడుమనున్న సెయింట్ క్లెయిర్ సరస్సున బయటపడెను. ఓడలు నిలుకడకొరకు అడుగున నింపుకొను నీటిలో దాని పిల్లలు చేరి వచ్చినవని శాస్త్రజ్ఞుల నిర్ణయము.

ఒక్కొక్క ఆడ ఆల్చిప్ప ఏటేట లక్షలాది గ్రుడ్లను విడుచును. పిల్లలు కొన్ని వారములు నీట తేలుచు ప్రవాహముతో పోవును. పెరిగినపిమ్మట నూలుపోగులవంటి దారములతో రాళ్లను, పడవలను, నీటిగొట్టములను పట్టుకొనును. స్థానికపు ఆల్చిప్పల పెంకులపైననే గుంపులుగా నెక్కి, వానికి ఆహారము దక్కనీయక చంపినవి. 1989లో మిచిగన్ రాష్ట్రమందలి మన్రో పట్టణపు నీటి సరఫరాకే అంతరాయము కలిగినది.

ఆ యేడే ఈరీ సరస్సున రెండవ జాతి దొరకినది. అది వేరని 1991లో తేలగా, అంతరించిన చారల జంతువైన క్వాగ్గా పేరు దానికి పెట్టిరి. అదియు నల్లసముద్రపు నదులనుండి వచ్చినదే. జీబ్రా ఆల్చిప్ప గట్టి ఆధారమును కోరును. క్వాగ్గా ఆల్చిప్ప మెత్తని బురదపైనను, నూరు మీటర్లకు మించిన లోతున చల్లని నీటను బ్రతుకును. కొద్దిపాటి ఆహారముతోనే పెరుగును. కావుననే మిచిగన్, ఆంటారియో సరస్సులలో అది తనకంటె ముందు వచ్చినదానిని చాలవరకు తొలగించివేసినది. వేగముగా వచ్చినది కోట పట్టెను. మితముగా తినునది కోటలో నిలిచెను.

నేడా సరస్సుల నీరు మునుపటికంటె తేటగా నున్నది. చూచుటకు సొంపే, కాని ఆ తేటదనము చేపలపాలిటి కరవు. నీటిలోని సూక్ష్మజీవులను ఆల్చిప్పలే వడకట్టి తినివేయుచున్నవి.

మహాసరస్సులకు వచ్చు ఓడలు ఆ అడుగునీటిని నడిసముద్రముననే మార్చుకొనవలెనని 1993లో అమెరికా విధించినది. అప్పటికే రెండును లోపల స్థిరపడినవి. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట యనగా నిదియే.

ఇది దూరదేశపు కథ యని మనము ఉపేక్షింపరాదు. ఈ కుటుంబమునకే చెందిన ఉప్పునీటి ఆల్చిప్ప యొకటి అమెరికా ఉష్ణతీరములనుండి వచ్చి, 1967లో మన విశాఖపట్టణపు రేవున కనుపించెను. ఓడ దింపు సరకును లెక్కించు వారు, అది వదలు నీటిని గూడ గమనింపవలసియున్నది.