షాంపేన్–అర్బానా ఛాలెంజర్

షాంపేన్–అర్బానా ఛాలెంజర్ అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, షికాగో నగరానికి దక్షిణాన రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న జంట నగరాల్లో నవంబరు నెలలో జరిగే పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్ టోర్నమెంటు. 1867లో స్థాపితమైన ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన అట్కిన్స్ టెన్నిస్ కేంద్రం 1990ల నుంచి దీనికి వేదిక. ప్రాయోజక సంస్థ పేరుతో దీనిని జేఎస్ఎం ఛాలెంజర్ అని కూడా వ్యవహరించారు.

పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్‌లో గ్రాండ్‌స్లామ్‌లు, ఏటీపీ టూర్ పోటీలు పై అంతస్తు కాగా, 1978లో మొదలైన ఛాలెంజర్ పోటీలు దాని కింది అంతస్తు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నడిపే చిన్న పోటీలు ఛాలెంజర్లకూ దిగువన ఉంటాయి. ఛాలెంజర్ పోటీలను విజేతకు దక్కే ర్యాంకింగ్ పాయింట్లను బట్టి 50, 75, 100, 125, 175 అనే తరగతులుగా 2023 నుంచి విభజించారు. వింబుల్డన్ విజేతకు 2000 పాయింట్లు వచ్చే వ్యవస్థలో ఇవి స్వల్పంగా కనిపించినా, గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ ప్రధాన పోటీలోని 128 స్థానాల్లో 104 మాత్రమే ర్యాంకు ఆధారంగా నేరుగా భర్తీ అవుతాయి గనుక, ఆ గీతకు అటూ ఇటూ ఉన్న ఆటగాడి భవితవ్యాన్ని ఇలాంటి పాయింట్లే తేలుస్తాయి. సింగిల్స్‌లో 32 మంది, డబుల్స్‌లో 16 జంటలు తలపడతారు. డబుల్స్‌లో చెరొక సెట్టు గెలిచినప్పుడు మూడో సెట్టుకు బదులు, పది పాయింట్లకు ఆడే టైబ్రేక్‌తో ఫలితాన్ని తేలుస్తారు.

నవంబరులో అక్కడ చలి ముదురుతుంది కాబట్టి పోటీలన్నీ పైకప్పు కింది హార్డ్ కోర్టులపై, అంటే గట్టి పునాదిపై యాక్రిలిక్ పూత వేసిన కోర్టులపై జరుగుతాయి. గాలి, ఎండ అడ్డురాని ఇలాంటి చోట బలమైన సర్వీసు గలవారికి మొగ్గు ఉండటం సహజం. 2018లో ఇక్కడ విజేతగా నిలిచిన రైలీ ఒపెల్కా ఎత్తు 211 సెంటీమీటర్లు. అతడు మరుసటి ఫిబ్రవరిలోనే న్యూయార్క్‌లో ఏటీపీ టూర్ టైటిల్ సాధించాడు.

అయితే ఈ టోర్నమెంటుకు అసలైన విశిష్టత విశ్వవిద్యాలయ వేదిక వల్ల వచ్చింది. అమెరికాలో కళాశాల టెన్నిస్ దాదాపు వృత్తి శిక్షణతో సమానమైనది. క్రేగ్ టైలీ శిక్షణలో ఇల్లినాయ్ జట్టు 2003లో 32 మ్యాచ్‌లలో ఒక్కటీ ఓడకుండా జాతీయ కళాశాలల టైటిల్ గెలవగా, అదే ఏడాది సింగిల్స్ టైటిల్ ఆమెర్ డెలిక్‌కు, డబుల్స్ టైటిల్ రాజీవ్ రామ్, బ్రయన్ విల్సన్ జంటకు దక్కాయి. రామ్ 2022లో డబుల్స్‌లో ప్రపంచ ప్రథమ ర్యాంకుకు చేరాడు. ఇక్కడే చదివిన కెవిన్ ఆండర్సన్ 2017లో యూఎస్ ఓపెన్, 2018లో వింబుల్డన్ ఫైనల్స్ ఆడాడు. టైలీ ఆస్ట్రేలియన్ ఓపెన్ నిర్వహణ బాధ్యతలు చేపట్టాడు. ఒక విశ్వవిద్యాలయ టెన్నిస్ విభాగానికి ఇది అసాధారణమైన పరంపర.

ఛాలెంజర్‌ను విశ్వవిద్యాలయంలో నిర్వహించడం వల్ల రెండు పక్షాలకూ ప్రయోజనం ఉంది. కోర్టులు, వసతులు సిద్ధంగా దొరకడంతో నిర్వాహకులకు ఖర్చు తగ్గుతుంది. ర్యాంకుతో నిమిత్తం లేకుండా ప్రవేశం కల్పించే వైల్డ్ కార్డుల ద్వారా విద్యార్థులు ప్రొఫెషనల్ ఆటగాళ్లను ఎదుర్కొనే అవకాశం పొందుతారు. ఇందులో ఒక విచిత్రమూ ఉంది: విద్యార్థి క్రీడాకారులు ఖర్చులకు మించిన ప్రైజ్ మనీ తీసుకోరాదన్న నిబంధన చాలాకాలం అమల్లో ఉండటంతో, గెలిచిన విద్యార్థికి పాయింట్లు దక్కినంత తేలికగా డబ్బు దక్కేది కాదు. కళాశాల ర్యాంకుల్లో ముందున్న 20 మందికి ఛాలెంజర్ పోటీల్లో ప్రవేశం కల్పించే పథకాన్ని ఏటీపీ 2023లో ప్రవేశపెట్టడంతో, అంతవరకూ నిర్వాహకుల దయపై ఆధారపడిన దారి కొంత స్థిరపడింది.

ఈ దారికి బెన్ షెల్టన్‌ను మించిన ఉదాహరణ లేదు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం తరఫున అతడు 2022 మేలో జాతీయ కళాశాలల సింగిల్స్ టైటిల్ గెలిచింది కూడా ఇల్లినాయ్ ప్రాంగణంలోనే. ఆగస్టులో ప్రొఫెషనల్‌గా మారి, నవంబరులో షార్లట్స్‌విల్, నాక్స్‌విల్, షాంపేన్ ఛాలెంజర్లను వరుసగా గెలుచుకుని తొలి వంద మందిలో చేరిన అతడు, జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ క్వార్టర్ ఫైనల్స్ వరకు వెళ్లాడు. ఆ మూడు పోటీలూ ఆస్ట్రేలియన్ ఓపెన్‌కు అమెరికన్ ఆటగాళ్లకు వైల్డ్ కార్డు కేటాయించే పాయింట్ల లెక్కలో భాగంగా ఉంటూ వచ్చాయి. ఏడాది చివరి వారాల్లోనూ ఇక్కడ పోటీ తీవ్రంగా ఉండటానికి అదొక కారణం.

అమెరికన్ కళాశాల టెన్నిస్ నుంచి ఛాలెంజర్ స్థాయికి ఎదిగిన భారతీయులూ ఉన్నారు. వర్జీనియా విశ్వవిద్యాలయ విద్యార్థి సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ 2007, 2008 సంవత్సరాల్లో వరుసగా జాతీయ కళాశాలల సింగిల్స్ టైటిళ్లు గెలిచాడు. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయం తరఫున ఆడి, 2014లో ఇందోర్ ఛాలెంజర్ సింగిల్స్ విజేత అయ్యాడు, అదే ఏడాది ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం సాధించాడు.