ఎండిన జిగురు - గోడల చరిత్ర

కృష్ణా డెల్టాలోని పాత పెంకుటిండ్ల ఇటుక గోడలకు సున్నపు గార మెత్తి, సంక్రాంతికి వెల్ల వేయుట ఆచారము. తడి సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి మరల సున్నపురాయిగా మారును. అట్టి గోడకు అంటించిన పటము ఊడిన తరువాత ఎండిన జిగురు మిగులును. దానిని కత్తితో గోకినచో గార కూడ పెచ్చుగా లేచివచ్చును. జిగురు పోవలెను, గోడ నిలువవలెను. ఇదియే చిక్కు.

పూర్వపు జిగురులకు ఈ చిక్కు స్వల్పము. ఇండ్లలో గంజి, ఉడికించిన మైదాపిండి వాడెడివారు. విజయవాడ సమీపమున కొండపల్లి పనివారు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో బొమ్మల భాగములను అతుకుట ప్రసిద్ధము. పశువుల చర్మము, ఎముకలు ఉడికించి తీసిన జిగురును వడ్రంగులు వజ్రమందురు. ఇవన్నియు నీరు ఆవిరియైనందున గట్టిపడినవి. పోయిన నీటిని మరల ఇచ్చినచో మెత్తబడును. గోరువెచ్చని తడిగుడ్డను కొంతసేపు అదిమియుంచి, చెక్కబద్దతో తీసిన చాలును.

అన్ని పూతలును ఇంత సులభముగా లొంగవు. అజంతా గుహలు నాడు నిజాం రాజ్యములో నుండెను. పెచ్చులూడుచున్న చిత్రములను కాపాడుటకై హైదరాబాదు ప్రభుత్వము 1920-22 నడుమ చెక్కోని, ఒర్సిని అను ఇటలీ నిపుణులను రప్పించెను. వారు వాడిన లక్క పూత కాలక్రమమున పసుపుబారి, అసలు రంగులను మరుగుపరచెను. 1953లో గుహలు కేంద్ర పురావస్తుశాఖ అధీనములోనికి వచ్చినవి. లక్కను తొలగించు భారము ఆ శాఖ రసాయనజ్ఞులపై పడెను. లక్క నీటిలో కరగదు. చిత్రముల రంగులను పట్టియుంచినది జంతువుల జిగురు గనుక నీటితో కడిగినచో చిత్రమే చెడును. కావున లక్కను మాత్రమే కరిగించి, చిత్రమును ముట్టని ద్రవములను ఎన్నుకొనవలసివచ్చెను.

ఇంటిగోడకును ఇదే సూత్రము. 1912లో జర్మనీలో ఫ్రిట్జ్ క్లాట్టె కనుగొన్న పాలీవినైల్ ఎసిటేటు నేటి తెల్లజిగురులకు మూలము. 1959లో ఫెవికాల్ వచ్చిన పిదప వజ్రము వాడుక తగ్గినది. తెల్లజిగురులోని నీరు పోగానే అందలి సూక్ష్మకణములు ఒకదానితో నొకటి కలిసి పొరయగును. మరల తడిపినచో ఆ పొర ఉబ్బి మెత్తబడునే కాని, పూర్తిగా కరగదు. అసిటోను దానిని కరిగించును. కాని గోడపైనున్న ప్లాస్టిక్ రంగును కూడ కరిగించును. అది త్వరగా నిప్పంటుకొనునది. తలుపులు మూసిన గదిలోను, దీపము దగ్గరను దానిని వాడరాదు. పైకప్పు పని మరింత అపాయము, చుక్క కంటిలో పడవచ్చును.

వెనిగరుతో జిగురు మెత్తబడునని కొందరందురు. ఎండిన వెల్లపెచ్చుపై ఒక చుక్క వెనిగరు వేసి విద్యార్థులు చూడవచ్చును. బుడగలు పొంగును. సున్నము గట్టిపడునాడు గ్రహించిన బొగ్గుపులుసు వాయువే అది. అనగా, కరుగుచున్నది గోడయే. అందుచేత ఏ ద్రవమునైనను ముందు మూలనొకచోట పరీక్షించి, పిమ్మటనే వాడవలెను.