చంచల్‌గూడ నుండి ఎర్రగడ్డ వరకు



మన ఊళ్లలో ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే "వీణ్ని ఎర్రగడ్డకు పంపాలి" అంటారు. కోస్తా వైపు చుట్టాలైతే విశాఖపట్నం పేరు చెబుతారు. నేరం చేసినవాడికి చంచల్‌గూడ. ఈ పేర్లను మనం నవ్వులాటకు వాడుకుంటాం గాని, చంచల్‌గూడకు ఎర్రగడ్డకు మధ్య ఒక పాత చుట్టరికం ఉంది. ఈ వారం దాని గురించే రాయాలనుకున్నాం.

చంచల్‌గూడ హైదరాబాదు పాతబస్తీలోది. చార్మినారుకు తూర్పున, మలక్‌పేటకు పోయే దారిలో, ఎత్తైన గోడల జైలు ఇప్పటికీ ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివర నిజాం రాజ్యంలో మతి చలించినవారిని ప్రభుత్వం ఉంచిన చోటు జైలుకు అనుబంధంగానే మొదలైంది. నేరం చేసినవాడూ, ఏ నేరం చేయకుండా బజారులో తనలో తాను మాట్లాడుకుంటూ తిరిగినవాడూ ఒకే గోడ వెనక్కి చేరారు. ఇది నిజాం ఒక్కడి తప్పు కాదు. అప్పట్లో ఇంగ్లీషువాళ్ల ఇలాకాలోనూ ఆలోచన ఇంతే. 1858లో కంపెనీ పోయి రాణి పాలన వచ్చిన ఏడే వాళ్లు పిచ్చివాళ్ల చట్టాలు చేశారు. మద్రాసు కీల్పాక్ ఆసుపత్రి 1871లో తెరిచారు. ఆ చట్టాల్లో ఎక్కువ భాగం మనిషిని ఎలా పట్టుకోవాలి, ఎవరి ఉత్తర్వు మీద లోపల పెట్టాలి అన్న దాని గురించే. లోపలికి పోయాక అతనికి ఏం జరగాలన్నది తక్కువ.

ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో నిజాం ప్రభుత్వం ఈ ఆసుపత్రిని జాల్నాకు తరలించింది. జాల్నా ఇప్పుడు మహారాష్ట్రలో ఉంది, అప్పుడు హైదరాబాదు రాజ్యంలోని మరాఠీ ప్రాంతం. సికింద్రాబాదు నుండి మన్మాడు పోయే గోదావరి లోయ రైలు మార్గం 1900లో పూర్తయింది, జాల్నా ఆ దారిలోనే. జైలు నీడ నుండి బయటికి తీసుకుపోవడం మంచిదే. కాని ఒక్కసారి ఆలోచించండి. పాతబస్తీలో శాలిబండలోనో హుస్సేనీ ఆలంలోనో ఉన్న తల్లి, కొడుకును చూడాలంటే నాలుగు వందల కిలోమీటర్లకు పైగా రైలులో పోవాలి. కూలి పోతుంది, చార్జీ కావాలి, అక్కడి బజారు మాట మరాఠీ. ఎంతమంది పోగలిగారు? ఎన్నిసార్లు? మా మట్టుకు మాకు జైలు గోడకంటే ఈ దూరమే ఎక్కువ క్రూరంగా తోస్తుంది. గోడ దగ్గరికైనా తల్లి వచ్చి నిలబడగలదు.

1953లో, అంటే పోలీసు చర్య అయిన అయిదేళ్లకు, ఆసుపత్రి మళ్లీ హైదరాబాదుకు వచ్చింది, ఈసారి ఎర్రగడ్డకు. మూడేళ్ల తర్వాత రాష్ట్రాలను భాషల ప్రకారం విడదీసినప్పుడు జాల్నా బొంబాయి రాష్ట్రంలోకి పోయింది. ఎర్రగడ్డలోనే ఛాతీ ఆసుపత్రి కూడా ఉంది, క్షయ రోగులు చేరేది. జనం భయపడి దూరం పెట్టిన రెండు జబ్బులకూ ఊరి బయట ఒకే పేట దొరికింది. ఇప్పుడు ఊరు పెరిగి వాటిని దాటిపోయింది, మెట్రో రైలు ఆ పక్కనుండే పోతుంది.

ఆసుపత్రి అని పేరు మారినంత మాత్రాన లోపల మారిందా అన్నది వేరే ప్రశ్న. 1946లో భోర్ కమిటీ కోసం మూర్ టేలర్ అనే రాంచీ ఆసుపత్రి వైద్యాధికారి దేశంలోని మానసిక ఆసుపత్రులు చూసి, వీటిలో చాలావాటిని మనుషుల్ని నిర్బంధించి ఉంచడానికే కట్టారు, నయం చేయడానికి కాదు అన్న అర్థంలో రాశాడు. అర్ధ శతాబ్దం గడిచి 1999లో జాతీయ మానవ హక్కుల సంఘం 37 ఆసుపత్రుల మీద నివేదిక ఇస్తే, మూడో వంతుకు పైగా ఇంకా జైలు కట్టడాల్లాగే ఉన్నాయని తేలింది. మధ్యలో 1993లో, షీలా బార్సే అనే పాత్రికేయురాలు వేసిన కేసులో సుప్రీం కోర్టు, నేరం చేయని మానసిక రోగులను జైల్లో పెట్టడం చట్ట విరుద్ధమని చెప్పవలసి వచ్చింది. 1993 దాకా!

అయితే వేరే దారి చూపినవాళ్లూ ఉన్నారు. 1790లో ఇంగ్లాండులోని యార్క్ పిచ్చాసుపత్రిలో హన్నా మిల్స్ అనే క్వేకర్ విశ్వాసి చనిపోయింది. లోపల ఆమెను చూడడానికి తోటి విశ్వాసులను రానివ్వలేదు. టీ వర్తకుడు విలియం ట్యూక్ అది మరచిపోలేదు. తన సంఘాన్ని కదిలించి 1796లో రిట్రీట్ అనే ఇల్లు తెరిచాడు. గొలుసులు లేవు, తోట ఉంది, పని ఉంది, ఒకే బల్ల దగ్గర భోజనం. మన దేశంలో 1950లలో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలో డేరాలు వేయించి, రోగితోపాటు ఇంటివాళ్లను కూడా ఉండమన్నాడు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు 1957లో బాగాయంలో మానసిక ఆరోగ్య కేంద్రం మొదలుపెట్టినప్పుడు ఇదే పద్ధతి పట్టారు: రోగి పక్కన ఇంటి మనిషి ఒకరు ఉండాలి. ఇంటి కళ్లు ఉన్నచోట చెయ్యెత్తడం కష్టం. మందు ఎలా వెయ్యాలో, కోపం వచ్చినప్పుడు ఎలా మాట్లాడాలో ఇంటివాళ్లు నేర్చుకుని పోతారు. జాల్నా దూరానికి సరిగ్గా ఎదురు పద్ధతి ఇది.

ఇంకొక సంగతి చెప్పకుండా ముందుకు పోలేం. 2001 ఆగస్టు 6, తెల్లవారుజాము. తమిళనాడు రామనాథపురం జిల్లా ఎర్వాడిలో, దర్గాకు వచ్చేవారి కోసం నడిపే ఒక ప్రైవేటు ఆశ్రమంలో పాకకు నిప్పంటుకుంది. లోపల రోగులు గొలుసులతో కట్టివేయబడి ఉన్నారు. 28 మంది చనిపోయారు. కలలో ఆజ్ఞ వచ్చేదాకా రోగిని అక్కడే ఉంచాలని నమ్మి తెచ్చి వదిలినవాళ్లు సొంత కుటుంబాలవాళ్లే. ఇలాంటి చోటుకు లైసెన్సు ఉండాలన్న నియమం అప్పటికి 8 ఏళ్లుగా అమల్లో ఉంది.

అది దర్గా సంగతి అని మనం పక్కకు తప్పుకోవడానికి లేదు. దయ్యం పట్టిందని స్తంభానికి కట్టి ఉపవాస ప్రార్థనలు చేయించే చోట్లు క్రైస్తవుల్లోనూ ఉన్నాయి. మార్కు సువార్త అయిదో అధ్యాయం తీసి నెమ్మదిగా చదవండి. సమాధుల్లో తిరిగే ఆ మనిషికి గొలుసులు వేసింది ఊరివాళ్లు. ప్రభువు ఒక్క గొలుసూ వెయ్యలేదు. బాగుపడ్డాక అతని ఒంటిమీద బట్టలున్నాయి, స్థిమితంగా కూర్చున్నాడు. వెంట వస్తానంటే ప్రభువు ఒప్పుకోక, నీ ఇంటివాళ్ల దగ్గరికి పొమ్మన్నాడు.

2018 మే నుండి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, అంటే 2017 చట్టం, అడిగేవి కూడా ఇలాంటివే. రోగిని ఏ విధంగానూ గొలుసులతో కట్టరాదు. ఒంటరి గదిలో బంధించరాదు. మత్తు ఇవ్వకుండా కరెంటు షాక్ చికిత్స చేయరాదు. బలవంతంగా గుండు కొట్టరాదు. ఆసుపత్రి యూనిఫాం తొడుక్కోవాలని ఒత్తిడి చేయరాదు. ఇంటివాళ్లు వద్దన్నారనో ఉండడానికి చోటు లేదనో, బాగుపడిన మనిషిని ఆసుపత్రిలోనే ఉంచేయడానికి వీల్లేదు. ట్రస్టు గాని, ఒక వ్యక్తి గాని, మానసిక రోగులను చేర్చుకుని ఉంచే చోటు నమోదై ఉండాలి. సొంత ఇంట్లో చూసుకునేవారికి ఈ నమోదు అవసరం లేదు.

కనుక మన సంఘంలో ఎవరైనా తమవారిని ఏదైనా హోంలో చేర్చాలనుకుంటే, ముందుగా నమోదు పత్రం చూపించమనండి. ఆఫీసు గదిలో టీ తాగి రాకండి, రాత్రి పడుకునే గది చూడండి. రాత్రిపూట తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, నిప్పు అంటుకుంటే ఎవరు తీస్తారు అని అడగండి. ఆడవాళ్ల వైపు ఆడమనిషే కాపలా ఉందా? డాక్టరు ఎన్నాళ్లకోసారి వస్తాడు, మందులు ఎక్కడ రాస్తారు? చెప్పకుండా వస్తే లోపలికి రానిస్తారా? మూడు నెలలదాకా రావద్దు, ఫోను చెయ్యవద్దు అనే చోటు నుండి వెంటనే వచ్చేయండి, వాళ్లు ఎంత పెద్ద ప్రార్థనాపరులైనా సరే. చేర్చిన తర్వాత నెలనెలా ఎవరు పోతారో ఇంట్లో ముందే అనుకోండి. బస్సు చార్జీకి ఇబ్బంది ఉన్నవాళ్లు మాకు చెప్పండి, సంఘం కానుకల్లోనుండి ఇద్దాం.

రాత్రివేళ ఇంట్లో ఎవరికైనా ఎక్కువైతే 14416కు ఫోను చేయవచ్చు. 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.